ఇంజిను బలము – విత్తనపు గింజలు

మన న్యాల్‌కల్ ప్రాంతమున ఒకనాడు ఎడ్లబండి చేసిన పనిని నేడు పికప్ బండి చేయుచున్నది. అల్లము, ఆలుగడ్డ, కంది, సెనగ, కూరగాయలు, ఏది పండించినను అది జహీరాబాదునకో, బీదరునకో, హైదరాబాదునకో చేరినపుడే గదా రైతు చేతికి పైకము వచ్చుట! కావున బండి ఇంజినును గూర్చి ఈ పత్రికలో వ్రాయుట వ్యవసాయమును విడిచి వ్రాయుట కాదని సభ్య సోదరులకు తొలుతనే మనవి చేయుచున్నాము.

ఈ ప్రస్తావనకు కారణము కలదు. గత మాసమున ఒక యువ సభ్యుడు సంఘ కార్యాలయమునకు వచ్చి, చేతిలోని కరపత్రమును మా ముందుంచి, "సారూ, ఈ డబ్బ పెట్టిస్తే పికప్ పెరుగుతదట, డీజిల్ తక్కువ తాగుతదట. పెట్టియ్యాల్నా, వద్దా?" అని అడిగెను. అది ఇంజినుకు అదనపు బలమిచ్చునని చెప్పబడు ట్యూనరు అను పరికరపు ప్రకటన. బలము నూటికి ముప్పది వంతులు హెచ్చుననియు, డీజిలు ఖర్చు నూటికి ఇరువది వంతులు తగ్గుననియు అందు వ్రాయబడియుండెను. ఆ యువకుని బండి అప్పు ఇంకను తీరలేదు. పది దినములు ఆగుమని చెప్పి పంపితిమి. అతనికి మేము చెప్పదలచిన సమాధానమే ఈ వ్యాసము.

ట్యూనరులు ఎట్టివో తెలిసికొనుటకు ముందు ఇంజిను బలమన నేమో తెలియవలయును. బండి కాగితములలో రెండు అంకెలుండును. ఒకటి అశ్వశక్తి, రెండవది టార్కు అనబడు త్రిప్పుబలము. నిలిచియున్న బరువును కదలించునది, ఎత్తు ఎక్కించునది త్రిప్పుబలము. ఎక్కిన బరువును వేగముగా కొనిపోవునది అశ్వశక్తి. మన ప్రాంతమున విరివిగా కానవచ్చు రెండున్నర లీటరుల పికప్ ఇంజినులకు సుమారు 75 అశ్వశక్తియు, 200 న్యూటన్ మీటరుల త్రిప్పుబలమును ఉండును. ఈ త్రిప్పుబలమును మొదటి గేరు అనేక రెట్లు పెంచి చక్రములకు అందించును. కావున మిట్ట ఎక్కునపుడు బండి మూలిగినచో కావలసినది తఱచుగా కొత్త పెట్టె కాదు, ఒక గేరు తగ్గించుటయే.

బలమునకు మూలము డీజిలు. ఒక కిలో డీజిలు పూర్తిగా కాలుటకు సుమారు పదునాలుగున్నర కిలోల గాలి కావలయును; పొగ రాకుండ కాలవలెనన్నచో అంతకంటె ఎక్కువయే కావలయును. ఇంజినులో ఎక్కువ డీజిలు పోసి, దానికి తగిన గాలి నిచ్చినచో బలము హెచ్చును. డీజిలు హెచ్చి గాలి చాలనిచో మసి హెచ్చును. ఏ ట్యూనరును ఈ ధర్మమును దాటి పోజాలదు. పూర్వపు బండ్లలోను ట్రాక్టరులలోను మిస్త్రీలు డీజిలు పంపు మర త్రిప్పి "పంపు పెంచితిమి" అనుచుండిరి గదా! నేటి ట్యూనరు ఆ పాత మరయే; కొత్త వేషము ధరించి వచ్చినది.

అంగళ్లలో అమ్మబడునవి మూడు విధములు. మొదటిది స్టీరింగు క్రింద నుండు పరీక్షా ప్లగ్గులో గ్రుచ్చెడి చిన్న బిళ్ల. చాల అల్పమైన వెలకు అమ్మబడు ఇట్టి బిళ్లలను విప్పి చూచినవారికి మినుకుమినుకుమను దీపము తప్ప ఇంజినుకు ఆజ్ఞ యిచ్చు సాధనమేదియు కనబడలేదు. ఇది మోసమని చెప్పుటకు మేము వెనుదీయము.

రెండవది తీగల మధ్య తగిలించెడి పెట్టె. నేటి డీజిలు ఇంజినులో డీజిలును ఒక గొట్టమున 1,600 బారులు, అంతకు మించియు, ఒత్తిడితో నిలువ చేసి నాజిళ్ల ద్వారా చిమ్మింతురు. మన బండి టైరులోని గాలి ఒత్తిడి మూడు నాలుగు బారులే యని తలచినచో ఆ ఒత్తిడి ఎంతటిదో బోధపడును. ఈ ఒత్తిడిని కొలుచు సాధనమునకును, ఇంజిను కంప్యూటరునకును నడుమ ఈ పెట్టె కూర్చుండి, ఒత్తిడి తగ్గినదని అబద్ధము చెప్పును. కంప్యూటరు నమ్మి ఒత్తిడిని పెంచును. డీజిలు ఎక్కువగా చిమ్మబడును. బలము నిజముగనే కొంత హెచ్చును. కాని అది అబద్ధపు సాక్ష్యము మీద వచ్చిన బలము.

మూడవది కంప్యూటరులోని లెక్కలనే మార్చి వ్రాయుట. దీనిని రీమ్యాపు అందురు. ఇది తెలిసినవాని చేతిలో నిజమైన విద్యయే. బండిని ఉరుళ్ల మీద నడిపి బలము కొలిచి, పొగ వేడిమి చూచి, గాలికి తగినట్లు డీజిలు సవరించు నిపుణులు కలరు. కాని వేఱొక బండికి వ్రాసిన లెక్కను తెచ్చి మన బండిలో దింపిపోవు వారును కలరు. ఇరువురిని వేఱుచేసి చూచుట సామాన్య రైతునకు సులభము కాదు.

ఇక ముఖ్య విషయమునకు వత్తము. అమ్మువారు తఱచు చెప్పెడి మాట యొకటి కలదు: "కర్మాగారమువారు మీ ఇంజినులోని బలమును దాచిపెట్టిరి, మేము దానిని బయటికి తీయుదుము." ఈ మాటలో సగము నిజము. కర్మాగారమువారు కొంత బలమును విడిచిపెట్టుట వాస్తవమే. ఎందులకు? అదే ఇంజిను లడాఖు కొండలలోను నడువవలయును, మన వైశాఖపు ఎండలోను నడువవలయును. కల్తీ డీజిలు పోసినను, గాలి వడపోత దుమ్ముతో నిండినను, మోపవలసిన దానికంటె బరువు మోపినను వెంటనే విరిగిపోరాదు. ఆ చెడు దినమునకై దాచిన బలము అది. రైతు ఇంట మూల గాదెలో విత్తనపు గింజలుండును. ఆకలి వేసినపుడు వానిని వండుకొనవచ్చును, కడుపు నిండును, గింజలు లేవని ఎవరును అనజాలరు. కాని తొలకరి వచ్చినపుడు తెలియును, తిన్నది ఏమో. ఇంజినులో దాచిన బలము విత్తనపు గింజ వంటిది. ట్యూనరు మనకు కొత్త పంటను తెచ్చుట లేదు. గాదె తాళము తీసి ఇచ్చుచున్నది.

లెక్క చూడుడు. 200 ఉన్న త్రిప్పుబలము నూటికి ముప్పది హెచ్చినచో 260 అగును. ఇంజినులో పెట్టె పెట్టితిమి. కాని క్లచ్చి పాతదే, గేరు పెట్టె పాతదే, టర్బో పాతదే, నీటి రేడియేటరు పాతదే. అదనపు వేడిమిని, అదనపు తోపుడును అవియే భరింపవలయును. రెండేండ్ల క్రిందట మాకు తెలిసిన ఒక రైతు ఇట్టి పెట్టె పెట్టించి, నిండు బరువుతో మిట్టమధ్యాహ్నపు ఎండలో హైదరాబాదు మార్గమున పోవుచుండగా ఇంజిను కాగి హెడ్ గాస్కెట్ పోయెను. సరకు రెండు దినములు త్రోవలోనే ఉండెను; అల్లము వాడి ధర తగ్గెను. ఆ పెట్టెయే కారణమని మేము ప్రమాణము చేయజాలము. రేడియేటరు మురికియు కారణము కావచ్చును. కాని బండి మార్చబడినదని కనిపెట్టినంతనే గ్యారంటీ చెల్లదనిరి. నష్టమంతయు అతని మీదనే పడెను.

డీజిలు పొదుపు మాట మిగిలినది. ఇచట మా వృత్తి నేర్పిన పాఠమొకటి చెప్పెదము. కొత్త ఎరువును పరీక్షింపవలెనన్నచో ఒక మడికి వేసి, ప్రక్క మడికి వేయక, రెంటికిని ఒకే నీరు, ఒకే విత్తనము ఇచ్చి తూచి చూతుము. ఎరువుతో పాటు అదనపు తడియు ఇచ్చినచో ఫలితము దేనిదో తెలియదు. పెట్టె అమ్మువారు చేయునది తఱచు ఇదియే. పెట్టె బిగించు దినముననే ఇంజిను నూనె మార్తురు, గాలి వడపోత మార్తురు, టైరులలో గాలి నింపుదురు. మైలేజి పెరుగును. పేరు పెట్టెకు వచ్చును!

ఇంకొక చమత్కారము కలదు. కొన్ని బండ్లలో మైలేజి అంకె అద్దము ముందు కనబడును. ఆ అంకెను కంప్యూటరు తాను చిమ్మించితి ననుకొన్న డీజిలును బట్టి లెక్కించును. పైన చెప్పిన రెండవ విధపు పెట్టె కంప్యూటరునే మోసగించుచున్నది గదా! నిజముగా ఎక్కువ పోయినను కంప్యూటరు తక్కువ పోయినదనుకొనును. కావున తెర మీద మైలేజి పెరిగినట్లు కనబడును; బంకు వద్ద మాత్రము పెరుగదు. తప్పుడు తక్కెడతో తూచి లాభము చూపినట్లే ఇది.

పొదుపు నిజమే యనుకొన్నను లెక్క వేయుడు. పెట్టె వెల 12,000 రూపాయలనియు, బండి నెలకు నూరు లీటరులు త్రాగుననియు, లీటరు వెల 95 రూపాయలనియు, పొదుపు నూటికి ఐదు వంతులనియు ఊహింతము. నెలకు మిగులునది 475 రూపాయలు. పెట్టె వెల తిరిగి వచ్చుటకు ఇరువదియైదు నెలలు పట్టును. ఈలోగా ఒక్క క్లచ్చి ముందుగా అరిగినచో ఆ లాభమంతయు కొట్టుకొనిపోవును.

చట్టమును కూడ మఱవరాదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించిన దానికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. 2019లో చేసిన సవరణ వలన అనుమతి లేని మార్పునకు మార్పొక్కింటికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు మాసముల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. బలము పెరిగినదని అధిక బరువు మోపినచో అది వేఱు నేరము: 20,000 రూపాయలు, మించిన ప్రతి టన్నుకు మఱి 2,000. ఇంజిను బలము పెరిగిన మాత్రమున బ్రేకుల బలము పెరుగదని చట్టమునకు తెలియును, మనమును తెలిసికొనవలయును.

2020 ఏప్రిలు 1 నుండి అమ్మబడుచున్న బీఎస్-6 డీజిలు బండ్లలో పొగగొట్టమున మసిని పట్టు వడపోత సాధారణముగా నుండును. అదనపు డీజిలు వలన అది త్వరగా పూడుకొనును. అపుడు దానిని కోసి పారవేయుడని సలహా యిచ్చువారు వత్తురు. అమెరికాలో ఇట్లే జరిగినది. 2020కి ముందటి పదేండ్లలో అయిదున్నర లక్షలకు మించిన డీజిలు పికప్ బండ్ల నుండి కాలుష్య నివారణ సాధనములు తొలగింపబడినవని ఆ దేశపు పర్యావరణ రక్షణ సంస్థ 2020లో అంచనా వేసినది. ప్రపంచారోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 2012లోనే డీజిలు పొగను మనుష్యులకు కాన్సరు కలిగించు వానిలో చేర్చినది. ఆ పొగను మొదట పీల్చునది బండి వెనుక మూటల మీద కూర్చుండి వచ్చు మన కూలి అక్కచెల్లెండ్రే.

మేము యంత్రములకు విరోధులము కాము. జహీరాబాదున 1980 దశకమున ఆల్విన్ నిస్సాన్ వారి తేలికపాటి సరకుల బండ్లు తయారైనవి. ఆ సంస్థను తరువాత మహీంద్రా వారు తీసికొనిరి. 2013 నుండి అచట ట్రాక్టరులును తయారగుచున్నవి. మన బిడ్డలలో ఇంజినును విప్పి కూర్చగల నేర్పరులు తక్కువ కాదు. పందెములకై బండి నడుపువాడు, ఇంజిను పోయినను మఱొకటి కొనగలవాడు, ట్యూనరు పెట్టించుకొనిన అది వాని వినోదము. అప్పు తీరని బండి మీద పంట మోయు రైతునకు ఆ వినోదము తగదనియే మా అభిప్రాయము.

బండి బలము తగ్గినదని తోచినచో వరుసగా ఈ పనులు చేయుడు. టైరులలో గాలి తలుపు ప్రక్కన వ్రాసిన అంకె ప్రకారము ఉన్నదా చూడుడు. దుమ్ము దారులలో తిరుగు బండికి గాలి వడపోతను పుస్తకములోని గడువు కంటె ముందే మార్చుడు. డీజిలు వడపోతలో చేరిన నీటిని తీయుడు. రేడియేటరు రెక్కలలోని మట్టిని కడుగుడు. బ్రేకులు పట్టి యున్నవేమో చేతితో చక్రము త్రిప్పి చూడుడు. టర్బో గొట్టములకు చీలికలున్నవేమో పరికింపుడు. ఇవన్నియు చేసినను బలము రానిచో లోపము ఎచటనో యున్నదని అర్థము. లోపమును వెదకవలయును గాని దాని మీద పెట్టెను కప్పరాదు.

ఇంతకును కొనదలచినవారు అమ్మువానిని నాలుగు మాటలడుగుడు. బలమును కొలిచి ముందు, తరువాత అంకెలు కాగితము మీద ఇచ్చునా? ఇంజిను చెడినచో బాధ్యత వ్రాసి యిచ్చునా? చట్టప్రకారము అనుమతి యున్నదా? పెట్టెను ముమ్మారు పెట్టి, ముమ్మారు తీసి, ఒకే దారిలో ఒకే బరువుతో, ఒకే బంకులో తొట్టి నింపి కొలుచుటకు ఒప్పుకొనునా? ఈ నాలుగింటికిని అవునన్నవాడు ఇంతవరకు మాకు కానరాలేదు.

సంఘ పాలకవర్గమునకు మా సూచన రెండు మాటలలో ముగింతుము. ట్యూనరుల కొనుగోలుకు సంఘము అప్పు ఇయ్యరాదు. ఆ పైకముతో టైరు గాలి కొలుచు గడియారమొకటి, ఇంజిను లోపముల సంకేతములను చదువు యంత్రమొకటి కొని కార్యాలయమున ఉంచి సభ్యులందరికి ఉచితముగా వాడుకకు ఇయ్యవలయును. ప్రతి బండికిని ఒక మైలేజి పుస్తకము పెట్టి, పోసిన డీజిలు, నడచిన దూరము, మోసిన బరువు వ్రాయుట అలవాటు కావలయును. ఆ యువ సభ్యుడు పది దినముల తరువాత మఱల వచ్చెను. అతని బండి గాలి వడపోతను తీసి దులిపితిమి. చేటెడు దుమ్ము రాలెను. పెట్టె మాట మఱల ఎత్తక, కొత్త వడపోతకు చీటి వ్రాయించుకొని పోయెను.