గేమ్‌లో పిల్లలతో మాట్లాడేది ఎవరు?

పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మధ్య తరచుగా వింటున్న మాట ఇది: "మేడమ్, ఇప్పటి గేమ్స్ అచ్చం నిజంలా ఉంటున్నాయి, అందుకే పిల్లలు ఫోన్ వదలట్లేదు." ఇందులో మొదటి సగంతో ఏకీభవిస్తాను. రెండో సగంతో కాదు.

బొమ్మలు నిజంలా మారిన మాట వాస్తవమే. వెలుగు ఎక్కడ పడి ఎటు మళ్లుతుందో ఆట నడుస్తుండగానే లెక్కగట్టే పద్ధతి 2018లో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ కార్డులతో ఇళ్లలోని కంప్యూటర్లకు వచ్చింది. 2022లో వచ్చిన అన్‌రియల్ ఇంజిన్ 5తో చేసిన గేమ్‌లో రాయి దగ్గరికి వెళ్లి చూసినా గరుకుతనం కనిపిస్తుంది. ఇలాంటి గేమ్ ఇంజిన్లను ఇప్పుడు సినిమావాళ్లూ వాడుతున్నారు. మనకు దగ్గర్లోనే, అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఇందుకోసం వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్ ఉంది. హీరో వెనకాల ఎల్‌ఈడీ గోడ మీదే ఊరైనా, అడవైనా ప్రత్యక్షమవుతుంది.

కానీ మన పిల్లలు ఆడేవి ఏమిటో ఒకసారి చూడండి. మైన్‌క్రాఫ్ట్‌లో చెట్టూ డబ్బానే, ఆవూ డబ్బానే. రోబ్లాక్స్‌లో మనుషులు ప్లాస్టిక్ బొమ్మల్లా ఉంటారు. ఫ్రీ ఫైర్ తక్కువ ధర ఫోన్లలో కూడా నడిచేలా చేసిన గేమ్. నిజంలా కనిపించడమే పిల్లల్ని కట్టిపడేస్తే, వీటిని ఎవరూ ముట్టుకోకూడదు కదా?

ఎనిమిదో తరగతిలో "నీకు బాగా తెలిసిన చోటు" గురించి ఇంగ్లిష్‌లో రాయమన్నాను. జన్వాడ చుట్టుపక్కల నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్లలు గండిపేట చెరువు గురించి రాస్తారనుకున్నాను. కొందరు రాశారు. ముగ్గురు మాత్రం పొచింకీ గురించి రాశారు. అది బీజీఎంఐలో ఒక ఊరు! నిజం చెప్పాలంటే ఆ మూడు వ్యాసాలే బాగున్నాయి, మార్కులూ వేశాను. వాటిలో ఇళ్ల వర్ణన రెండు లైన్లే. మిగతాదంతా ఎవరు ఎవరిని కాపాడారు, ఎవరు వదిలేసి పారిపోయారు అన్నదే. వాళ్లను పట్టి ఉంచేది ఇయర్‌ఫోన్‌లో వినిపించే తోటి ఆటగాడి గొంతు.

నా ఆందోళన ఆ గొంతు గురించే. 2025 జనవరిలో అమెరికాలో జరిగిన సీఈఎస్ ప్రదర్శనలో బీజీఎంఐ తయారు చేసే క్రాఫ్టన్, ఎన్‌విడియాతో కలిసి పబ్‌జీ కోసం ఒక ఏఐ ఆటగాణ్ని పరిచయం చేసింది. మనం మాట్లాడితే వింటాడు, బదులిస్తాడు, సలహా చెబుతాడు, కావలసిన వస్తువు వెతికి తెస్తాడు. రాబోయే రోజుల్లో గేమ్ నిజంలా మారేది ముఖ్యంగా ఈ వైపే అని నాకనిపిస్తోంది.

మనిషి ఫ్రెండ్ అలుగుతాడు. ఓడిపోతే తిడతాడు. రాత్రి తొమ్మిదింటికి "మా మమ్మీ పిలుస్తోంది, పోతున్నా" అంటాడు. ఆ ఒక్క మాటతో మనవాడి ఆట కూడా ఆగుతుంది. ఏఐ తోడుకు మమ్మీ లేదు, హోంవర్క్ లేదు, నిద్ర రాదు. క్లాసులో ఎవరితోనూ కలవని పిల్లవాడికి ఇలాంటి తోడు దొరికితే, కలవాల్సిన అవసరమే లేదనుకుంటాడేమో. నా భయం ముఖ్యంగా అలాంటి పిల్లల గురించి.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవద్దు. తెలంగాణ 2017లో, కేంద్రం 2025లో తెచ్చిన నిషేధాలు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద. బీజీఎంఐలో 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటల పరిమితి పెట్టారు, నిజమే. డాడీ నంబర్‌తో లాగిన్ అయ్యే పిల్లలకు అది ఏ పాటి అడ్డు?

ఫోన్ లాక్కోమని నేను చెప్పను. లాక్కుంటే పక్కింట్లో ఆడతారు. "ఎంతసేపు ఆడావు?" అని రోజూ అడుగుతూనే ఉన్నాం, దాంతోపాటు "ఎవరితో ఆడావు?" అని కూడా అడగండి. వారానికి ఒక్క మ్యాచ్ ఇయర్‌ఫోన్ తీసి, హాల్లో కూర్చుని, స్పీకర్ పెట్టి ఆడమనండి. అవతల మాట్లాడేవాళ్ల పేర్లు, ఊళ్లు మీ అబ్బాయికో అమ్మాయికో ఎంతవరకు తెలుసో అప్పుడు మీకే అర్థమవుతుంది. వచ్చే నెల ఇంగ్లిష్ పీరియడ్‌లో ఏడు, ఎనిమిది తరగతులకు ఇదే టాపిక్ ఇస్తున్నాను: "నాతో ఆడేది ఎవరు?" ఇంట్లో దాని గురించి మాట్లాడబోతే, మధ్యలో తిట్టకుండా వినండి.