పచ్చి చెక్కను ముందు వెలిగారం నీళ్ళలో ముంచండి

జంషెడ్‌పూర్‌లో ఇల్లు కట్టుకుంటున్న తెలుగువారికి, వడ్రంగి మేస్త్రీలకు, కోత మిల్లుల వారికి విజ్ఞప్తి

ఉక్కు ఊళ్ళో బతుకుతున్నవాళ్ళం. రెడ్ ఆక్సైడ్ పూయకుండా ఇనప గేటుకి పెయింటు వేస్తే పెయింటర్‌ని అక్కడే నిలబెట్టి అడుగుతాం. అదే మనం, మానగోలోనో పర్సూడీలోనో సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు మామిడి చెక్క తలుపుల్ని మాత్రం మిల్లు నుంచి వచ్చినవి వచ్చినట్టే బిగించేస్తాం. కొన్నాళ్ళకి మంచం కింద పిండి రాలుతుంది. అప్పుడు కిరోసిన్ పోస్తాం, పాత ఇంజనాయిలు పూస్తాం, ఆ వాసనతోనే పిల్లల్ని పడుకోబెడతాం. మేస్త్రీ వచ్చి చూసి ‘ఘున్ పట్టింది’, అంటే పుచ్చు పురుగు పట్టింది, అని చెప్పి వెళ్ళిపోతాడు.

పుచ్చు పురుగు చెక్కలో గుడ్లు పెట్టేది పిండిపదార్థం కోసం. పిల్లపురుగు లోపలే తింటూ పెరుగుతుంది. మనకి కనబడే సన్నటి బెజ్జం అది లోపలికి వెళ్ళిన దారి కాదు, పెద్దదై బయటికి వచ్చిన దారి. అంటే పైన మందు కొట్టే వేళకి తినాల్సింది తినేసింది. సాల్ చేవకి, టేకు చేవకి ఈ బెడద తక్కువే. కానీ చేవ కర్ర కొనే స్తోమత ఎందరికి ఉంది? మనం కొనేది మామిడి, బూరుగు, నీలగిరి. సాల్ కొన్నా అంచున తెల్ల చెక్క కలిసే వస్తుంది. చాకులియా వైపు నుంచి వచ్చే వెదురుకైతే చేవ అన్నమాటే లేదు.

దీనికి మందు కొత్తదేమీ కాదు. ఒకటి, కంసాలి దుకాణంలో అతుకు పెట్టేందుకు వాడే వెలిగారం. ఇక్కడి కొట్లలో సుహాగా అని అడగండి. రెండోది బోరిక్ యాసిడ్, క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి. పది లీటర్ల వేడినీళ్ళలో ముప్పావు కిలో వెలిగారం, అరకిలో బోరిక్ యాసిడ్ కలపాలి. విడివిడిగా అంత సులువుగా కరగనివి కలిపి వేస్తే బాగా కరుగుతాయి. ఈ నీళ్ళు పీల్చిన చెక్కని తిన్న పురుగు బతకదు. చెదపురుగుకి చెక్కని అరిగించి పెట్టే సూక్ష్మజీవులు దాని పొట్టలోనే చస్తాయి. చెక్కని చివికించే బూజు కూడా పట్టదు.

అసలు కిటుకు పచ్చిదనంలో ఉంది. చెక్కలో తడి ఉంటేనే ఆ తడి వెంట మందు లోపలికి పాకుతుంది. కోసిన వెంటనే పలకల్ని తొట్టెలో రోజంతా నానబెట్టి, తీసి, ఒకదానిమీద ఒకటి సందు లేకుండా పేర్చి, టార్పాలిన్‌తో గాలి చొరకుండా కప్పెయ్యాలి. అంగుళం మందానికి నెల చొప్పున అలా వదిలేశాకే నీడన ఆరబెట్టాలి. వెదురుబద్దలైతే తొట్టెలో వారం నానాలి. నిలువు బొంగైతే ముందు ఇనప చువ్వతో లోపలి కణుపులన్నీ పొడిచెయ్యాలి. ఎండిపోయిన చెక్కకి ఇదే నీళ్ళు బ్రష్‌తో పూస్తే మందు పైపైనే ఉంటుంది. అందుకే ఈ పని ఇంట్లో కాదు, మిల్లులో జరగాలి.

దీని హద్దులూ చెప్పాలి. వానకి ఈ మందు కరిగి కారిపోతుంది. సువర్ణరేఖ ఒడ్డున నేలలో పాతే కంచె గుంజకి ఇది పనికిరాదు. వానజల్లు తగిలే కిటికీలకి పైన పెయింటు తప్పనిసరి. ఛఠ్ పూజ చాటలు, అన్నం గంపలు, కూరలు తరిగే పలకలు ఈ తొట్టెలో ముంచకూడదు. మేస్త్రీలు చేతికి తొడుగులు, ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. గర్భిణులు, పిల్లలు దగ్గరికి రాకూడదు. మిగిలిన నీళ్ళు పెరట్లో పోస్తే మొక్కలు మాడతాయి, మరుసటి విడతకి దాచుకోండి.

డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి చెక్క మందు కనిపెట్టినది శొంఠి కామేశం. పేరు వింటేనే మనవాడని తెలుస్తుంది. దశాబ్దాలపాటు ప్రపంచమంతా ఆ మందే వాడింది. ఆర్సెనిక్ భయంతో 2003 చివరికి అమెరికాలో ఇళ్ళ వాడకానికి దాన్ని ఆపేశారు. మన మందులో ఆ ఆర్సెనిక్ లేదు. న్యూజిలాండ్‌లో 1950ల నుంచీ ఇళ్ళ పైన్ చెక్కని వెలిగారం లాంటి బోరాన్ ఉప్పులతో శుద్ధి చేసేవారు. 1990లలో, ఎండిన చెక్కకి మందెందుకని సడలించారు. గోడల్లోకి నీరు చేరి వేల ఇళ్ళు కుళ్ళాయి, 2004 నాటికి మళ్ళీ మందు చెక్క దారికే వచ్చారు.

మనం అడిగేది ఇంతే. కదమా, సోనారీ, బిష్టుపూర్‌లలోని తెలుగు సంఘాలు కలిసి, ఒప్పుకున్న ఒక కోత మిల్లులో పలకలు పట్టేంత సిమెంటు తొట్టె కట్టించాలి. మొదటి విడత మందు ఖర్చు సంఘాలే భరించాలి. తర్వాత ఘనపుటడుగుకి ఇంత అని మిల్లువారు వసూలు చేసుకోవచ్చు. మేస్త్రీ బాబులూ, ఎండలో ఆరేసిన చెక్క కాకుండా ముంచి కప్పిన చెక్కే తెప్పించండి. నెల ఆలస్యమవుతుందని ఇంటివారు గొణుగుతారు. వారికి చెప్పండి: పునాది తవ్విన రోజే చెక్కకి బయానా ఇస్తే, గోడలు లేచి గుమ్మాలు నిలబెట్టే వేళకి పలకలు సిద్ధంగా ఉంటాయి.