అరగ్లాసు కాఫీ

కాఫీ ఎలా పెట్టాలన్న విషయంలో రెండిళ్లవాళ్లు ఒక మాట మీద నిలబడటం ఎక్కడైనా చూశారా? పెళ్లి లాంఛనాల దగ్గర వచ్చిన పేచీ అయినా తీరుతుందేమోగానీ ఇది తీరదు. ఫిల్టరు కాఫీయే కాఫీ అని ఒకరు. మరిగే నీళ్లలో పొడి వేసి గుడ్డతో వడకట్టిన దాని ముందు ఏదీ పనికిరాదని ఇంకొకరు. ఎందుకొచ్చిన గొడవ, వేడిపాలల్లో చెంచాడు ఇన్‌స్టంట్ పొడి కలిపేస్తే పోలా అని మూడో ఇల్లు.

పలాస, టెక్కలి, ఉద్దానం వైపు చాలా ఇళ్లలో ఈ వాదనకి ఇంకో లెక్క వచ్చి చేరింది. అది మిల్లీలీటర్ల లెక్క.

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడిమామిడి తోటల పచ్చదనం మధ్య ఈ ఊళ్లని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. ఎన్ని పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. డయాలసిస్ దాకా వెళ్లిన మనిషికి ఒంట్లో చేరిన నీరు మళ్లీ మిషనెక్కేదాకా సరిగా బయటికి పోదు. అందుకే రోజుకి ఎంత తాగాలో డాక్టరు కొలిచి చెబుతారు. చాలామందికి అది లీటరు దాటదు. మాత్ర వేసుకునే నీళ్లు, చారు, మజ్జిగ, కాఫీ... అన్నీ అందులోవే.

పైగా ఉద్దానంలో ఇంటికొచ్చిన వాళ్లకి బొండాం కొట్టివ్వడం మర్యాద. పెరట్లో చెట్లున్నా ఈ రోగి మాత్రం ఆ నీళ్లు ముట్టకూడదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఇక చుట్టాలతో కూర్చుని తాగడానికి మిగిలేది ఓ చిన్న కాఫీ. ఆ చిన్నది బాగుండొద్దూ?

ముందు ఫిల్టరు సంగతి చూద్దాం. 25 గ్రాముల పొడి మీద 150 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే కిందికి దిగేది సుమారు 100. మిగతాది పొడే పీల్చుకుంటుంది. 30 మిల్లీలీటర్ల డికాక్షన్‌లో 40 మిల్లీలీటర్ల పాలు పోస్తే 70తో కాఫీ తాగిన తృప్తి దొరుకుతుంది. తక్కువ నీళ్లలో ఎక్కువ రుచి కావాలంటే ఇత్తడి ఫిల్టరుని మించింది లేదు. కరెంటు అక్కర్లేదు కూడా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఊళ్లకి ఊళ్లు చీకట్లో మునిగినప్పుడు మిక్సీలు, ఫ్రిజ్‌లు మూలపడ్డాయిగానీ ఫిల్టరుకి పొయ్యి మీద కాగిన నీళ్లుంటే చాలు.

నీళ్లు తగ్గించాం కదా అని డికాక్షన్ పాళ్లు మాత్రం పెంచకూడదు. పొటాషియం, కెఫీన్ పొడిలోంచి వస్తాయి. ఎన్ని నీళ్లు పోశామన్నదాన్ని బట్టి కాదు, ఎంత పొడి వాడామన్నదాన్ని బట్టి ఉంటాయి. కప్పు చిన్నదైనా అందులో పొడి వాటా ఒక కప్పుదే ఉండాలి. చికోరీ కలిసిన పొడి డికాక్షన్‌ని నల్లగా, చిక్కగా చూపిస్తుంది. ఎంత కలిపారో ప్యాకెట్ మీద శాతం రాసి ఉంటుంది, చూసుకుని కొనండి.

గిన్నెలో మరిగించే పద్ధతికి చెడ్డపేరు రావడానికి కారణం నార్వే. అక్కడి ట్రామ్సో పట్టణంలో కాఫీ ఎక్కువగా తాగేవాళ్లకి కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంటోందని 1983లో వైద్యులు ప్రకటించారు. అక్కడివాళ్లు పొడిని నీళ్లలో మరిగించి తాగేవారు. కాఫీ గింజ నూనెలో ఉండే కెఫెస్టాల్ అనే పదార్థం దీనికి కారణమని తర్వాత తేలింది. టీ వడకట్టే స్టీలు జల్లెడ దాన్ని ఆపలేదు. కాగితం ఆపుతుంది, దట్టమైన నేతగుడ్డ కూడా చాలావరకు ఆపుతుంది. అంటే బామ్మగారి కాఫీగుడ్డని చూసి మనం నవ్వుకోనక్కర్లేదన్నమాట! కిడ్నీ జబ్బున్న వాళ్లకి గుండెజబ్బు ముప్పూ ఎక్కువే కాబట్టి మరిగించే ఇళ్లలో ఆ గుడ్డని మళ్లీ బయటికి తీయడం మంచిది. పట్నాల్లో ఇప్పుడు ఫ్యాషనైన ఫ్రెంచ్ ప్రెస్సులో ఉండేదీ లోహపు జల్లెడే. దాని గురించి ఇంతకుమించి చెప్పడానికేం లేదు.

ఇన్‌స్టంట్‌తో సుఖం ఉంది, చిక్కూ ఉంది. రెండు చెంచాల నీళ్లలోనైనా కరుగుతుంది, అది సుఖం. కానీ మన ఇళ్లలో దాన్ని కలిపేది చుక్క నీళ్లు లేని పాలల్లో. అదో గొప్ప! 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 150 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, దానికి తోడు ఫాస్ఫరస్. ఆరోగ్యవంతుడికి అది బలం, డయాలసిస్ మనిషికి బరువు.

సోంపేట దగ్గర పల్లెలో మాకు చుట్టాలున్నారు. పెద్దాయనకి వారానికి రెండుసార్లు డయాలసిస్. కాఫీ కొలవడానికి ఆయన భార్య, టానిక్ సీసాతో వచ్చిన గీతల మూత వాడుతుంది. పాత గ్లాసులన్నీ అటకెక్కించి చంటిపిల్లల గ్లాసులు దింపింది. ఎందుకమ్మా అంటే, ‘‘పెద్ద గ్లాసులో సగం పోత్తే కోత పెట్టినట్టుంటాది బాబూ. సిన్న గ్లాసు నిండా పోత్తే నిండుగా తాగినట్టుంటాది’’ అంది. ఏ పుస్తకంలోనూ ఇంత మంచి ఉపాయం నేను చదవలేదు. ఆయనొక్కడికీ కాదు, ఇంటిల్లిపాదికీ అవే గ్లాసులు. వెళ్లినవాళ్లకీ అందులోనే ఇస్తుంది.

ఇక నీళ్లు. కాఫీ కోసం ఎలాగూ మరిగిస్తున్నాం కదా, ఏ నీళ్లయితేనేం అని కొందరంటారు. మరిగితే చచ్చేవి క్రిములు. నీళ్లలో కరిగిన లవణాలు ఎక్కడికీ పోవు. గిన్నెలో నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఆ కుళాయి నీళ్లొచ్చే ఇంట్లో అవే వాడండి. ఆర్వో క్యాను తెచ్చుకునే ఇంట్లో కాఫీ కాస్త చప్పగా అనిపించొచ్చు, ఖనిజాలు తగ్గిన నీళ్లతో అంతే. పొడి పెంచకండి. ఫిల్టరు పైగిన్నెలో పొడిని ఇంకొంచెం గట్టిగా అదిమి, రాత్రే నీళ్లు పోసి పడుకోండి. తెల్లారేసరికి చుక్కచుక్కగా దిగి ఉంటుంది.