ఆరు నెలల నియంత

"మన దేశం బాగుపడాలంటే కొన్నాళ్లు నియంత రావాలి" అని మా క్లాసులో కొందరంటారు. రోమ్‌లో ఉండేవాడుగా అని సాక్ష్యం కూడా చెప్తారు. ఉండేవాడు, నిజమే. కానీ ఆ పదవికి గడువు ఆరు నెలలే! సిన్సినాటస్ 16 రోజుల్లో పని ముగించి పొలానికెళ్లిపోయాడట. తర్వాత సుల్లా, సీజర్ ఆ గడువును పక్కనపెట్టారు. గణతంత్రం కూలిపోయింది.

మన ఎమర్జెన్సీ 21 నెలలు సాగింది. తెలుగు కవి పఠాభి భార్య, 'సంస్కార' సినిమా నటి స్నేహలతారెడ్డిని విచారణే లేకుండా బెంగళూరు సెంట్రల్ జైల్లో ఉంచారు. ఆమెకు ఉబ్బసం. బయటికొచ్చిన కొద్దిరోజులకే, 1977 జనవరి 20న చనిపోయారు. ఆ పాత జైలే ఇప్పటి ఫ్రీడం పార్కు.

నియంత కావాలనేవాళ్లూ, ఆ "కొన్నాళ్లు" అంటే ఎన్నాళ్లు? గడువయ్యాక దిగనంటే దించేదెవరు? ముందు అది చెప్పండి.