ఎన్జీఆర్ఐ మనకు స్టేషన్ పేరే

నాగోలులో మెట్రో ఎక్కితే ఉప్పల్, స్టేడియం దాటగానే ఎన్జీఆర్ఐ వస్తుంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అది. దశాబ్దాలుగా ఉప్పల్‌లో, నాచారంలో కాపురముంటున్న మనం ఆ గోడ అవతల ఏం జరుగుతుందో పిల్లలకు చెప్పలేదు. మనమూ కనుక్కోలేదు.

దగ్గర్లోనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. ఉస్మానియాలో 1959 నుంచే ఖగోళశాస్త్ర విభాగం ఉంది. ఈసీఐఎల్ వైపు వెళ్తే టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం. 2005లో అక్కడినుంచి లేచిన బెలూను 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి తెచ్చింది. ఆ నమూనాల్లో మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ప్రకటించారు. వాటిని గుర్తించిన ల్యాబుల్లో సీసీఎంబీ ఒకటి. ఒక జాతికి ఆర్యభటుడి పేరు, ఇంకొకదానికి ఖగోళవేత్త హోయల్ పేరు పెట్టారు. మన నెత్తిమీద జరిగిన సంగతే ఇది. ఏ ఇంట్లో మాట్లాడుకున్నాం?

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. ఉస్మానియావారి జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు పరికరాలను ఆకాశానికి గురిపెట్టి నిలబడితే మనవాళ్లు తలుపులు బిడాయించుకున్నారు. అప్పుడు మూసినవి ఇంటి తలుపులు. తర్వాత పిల్లల దారులే మూసేశాం.

ఎంపీసీలో చేర్పిస్తాం కదా, అందులో 'పీ' ఉందంటే మనకు సంతృప్తి. ఆ ఫిజిక్స్‌ను ఆప్షన్లకు టిక్కు పెట్టే విద్యగా మార్చేశాం. వెర్నియర్ కాలిపర్స్ చేత్తో పట్టని పిల్లకు ప్రాక్టికల్స్‌లో 30కి 30 వస్తే ఎలా వచ్చాయని అడగలేదు, స్వీట్లు పంచాం. "నేను నక్షత్రాల మీద రీసెర్చ్ చేస్తా" అని ఆ పిల్లే అంటే మాత్రం, "బీఎస్సీ చేస్తే ఏమొస్తది బిడ్డా?" అన్నాం. ఫెలోషిప్ గురించి విననుకూడా లేదు. నెట్ పరీక్ష రాసి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) సాధిస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలిస్తున్నారు.

మన భయం ఊరికే పుట్టలేదు. నాచారం ఐడీఏలో షిఫ్టులు చేసి పెంచిన ఇళ్లివి, జీతం ఆగితే ఏమవుతుందో తెలిసినవి. పరిశోధనలో స్థిరమైన ఉద్యోగాలు తక్కువే, కాదనను. కానీ ఆ లెక్క వేసుకోవాల్సింది చదివే పిల్లలు. మనం కాగితమే వాళ్లకివ్వలేదు.

వైను బప్పు ఈ నగరంలోనే నిజాం కాలేజీలో చదివి హార్వర్డ్ వెళ్లారు. 1949లో తోకచుక్కను కనిపెట్టారు, 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షులయ్యారు. ఆయన తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు; టెలిస్కోపు ఆ పిల్లాడికి చిన్నప్పుడే అందింది. మన పిల్లలకు అందింది కోచింగ్ బస్సు.

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. ఈఏపీసెట్ దరఖాస్తు నింపేటప్పుడు సైన్స్ విద్యాసంస్థలైన ఐసర్‌ల ప్రవేశపరీక్ష ఐఏటీ, నైసర్ పరీక్ష నెస్ట్ తేదీలూ చూడండి. ఐసర్ ఒకటి తిరుపతిలోనే ఉంది. బీఎస్సీలో ఉన్నవాళ్లకు ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష జామ్ ఉంది. సెప్టెంబరు 26 ఎన్జీఆర్ఐ, సీసీఎంబీల మాతృసంస్థ సీఎస్ఐఆర్ స్థాపన దినం. ఆ తేదీ చుట్టుపక్కల ఈ రెండు ల్యాబులు విద్యార్థులను లోపలికి రానిస్తాయి. ఈసారి ఎన్జీఆర్ఐ స్టేషన్‌లో పిల్లలతో దిగండి.