చుక్కలూ గీతలూ

"మావాడు చురుకైనవాడేనండీ. లెక్కల పుస్తకం తెరిస్తే మాత్రం కడుపునొప్పి అంటాడు." మేడ్చల్‌లో మా వీధి తల్లులు నాతో తరచు చెప్పుకునే మాట ఇది. అది దొంగనొప్పి అని నేననుకోను. తప్పు వస్తే నలుగురిలో ఏమంటారోనన్న బెంగ కడుపులోకే దిగుతుంది. చాలా ఇళ్ళలో దీనికి మందు ట్యూషను. నాకు తోచిన మందు వేరు. ఆటలో ఓడిన పిల్లవాడు లేచిపోడు, "ఇంకొక్కసారి" అంటాడు. ఆ ఇంకొక్కసారి లెక్కకు కూడా అంటుకుంటే ఇక మనం చేయవలసింది అట్టే ఉండదు.

ఖర్చంటారా? పాత నోటుపుస్తకంలో ఒక ఖాళీ పుట, ఒక పెన్సిలు ముక్క. మన పెద్దలు ఆ కాగితం కూడా లేకుండానే గుడి మండపాల బండలమీద, ఇళ్ళ అరుగులమీద పులిమేక పటం గీసుకున్నారు. 3 పులులు, 15 మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని తినేస్తుంది. మేకకు ఆ బలం లేదు. అయినా ముందుచూపుతో నిలబడిన మేకలు పులులను కదలకుండా కట్టేస్తాయి. పసివాళ్ళకు మాత్రం ఇంతకంటె తేలికైనదానితో మొదలుపెట్టాలి.

మా చెల్లెలు శామీర్‌పేటలో ఉంటుంది. దాని మనుమడికి ఏడేళ్ళు. మొన్న వేసవిలో జింకల పార్కు చూసి వచ్చి, చెరువుగట్టున కూర్చుని పల్లీలు తింటుంటే "నాకు లెక్కలు రావు పెద్దమ్మమ్మా" అన్నాడు, తన పేరు చెప్పినంత మామూలుగా. ఏడేళ్ళకే! నేను పల్లీల పొట్లం విప్పి, ఆ కాగితం మీద 21 నిలువు గీతలు గీశాను. వంతుకు ఒకటి గాని, రెండు గాని, మూడు గాని కొట్టెయ్యవచ్చు. చివరి గీత కొట్టినవారిది గెలుపు.

వరసగా ఆరు ఆటలు ఓడాడు. నేను ఓడినట్టు నటించలేదు. పెద్దవాళ్ళు జాలిపడి ఓడితే పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది, చిన్నతనంగానూ ఉంటుంది. ఏడో ఆటలో "నాలుగు గీతలు మిగిలి నా వంతు వస్తే నా పని అయిపోయినట్టే" అన్నాడు. నిజమే. వాడు ఒకటి కొడితే నేను మూడు, వాడు రెండైతే నేనూ రెండు, వాడు మూడైతే నేను ఒకటి. వాళ్ళ తాతయ్య అసలు కిటుకు చెప్పబోతే కళ్ళతోనే వారించాను. మరి కాసేపటికి "ఎనిమిదైనా అంతే!" అని అరిచాడు. పన్నెండు, పదహారు, ఇరవై వాడే ఒక్కొక్క మెట్టూ ఎక్కి పట్టుకున్నాడు. అది నాలుగో ఎక్కం అని వాడికెవరూ చెప్పలేదు. ఆ తరువాత మొదటి వంతు వాడిదైతే చాలు, ఒక్క గీత కొట్టేసి నా ముఖం చూసేవాడు. ఈసారి నేను 20 గీతలే గీశాను. చాలాసేపు వాటివంక చూసి, "నువ్వే ముందు ఆడు పెద్దమ్మమ్మా" అన్నాడు.

గీతలకు బదులు గుట్టలుగా గింజలు పెట్టి ఆడే ఇలాంటి ఆటకు 1901లో అమెరికాలోని హార్వర్డు ఆచార్యుడు చార్లెస్ బౌటన్ గెలుపు మార్గమంతా లెక్కకట్టి, నిమ్ అని పేరు పెట్టాడు.

చుక్కలు పెట్టి గళ్ళు కట్టే ఆట మీకందరికీ తెలిసినదే. ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడువార్ లూకా 1889లో దీన్ని అచ్చులో పెట్టాడు. పసివాళ్ళకు 9 చుక్కలు చాలు, నాలుగు గళ్ళవుతాయి. గడి ముగించినవారు అందులో తమ పేరు మొదటి అక్షరం వేసి, మళ్ళీ ఒక గీత గీయాలి. మూడో గీత మనం గీస్తే నాలుగోది ఎదుటివాడిదన్న సంగతి రెండాటల్లో బోధపడుతుంది. పెద్దపిల్లలకు ఇందులో ఒక గడుసు ఎత్తు ఉంది. కాగితం మీద ఇక పొడుగు వరసలే మిగిలాయి, ఎదుటివారు నాలుగు గళ్ళ వరస తెరిచారు అనుకోండి. ఆబగా నాలుగూ మింగితే తరువాతి గీత మీదే, ఇంకో వరస మీరే తెరవాలి. అలా కాక రెండే తీసుకుని, మిగిలిన రెంటికీ నడుమ గీత గీయకుండా, అవతలి కొస మాత్రం మూసెయ్యండి. ఎదుటివారు నడుమ గీతతో ఆ రెండూ గెలుచుకుంటారు. వెంటనే ఇంకో వరస తెరవక తప్పదు. చేతికందినది వదలడం పెద్దవాళ్ళకే కష్టం. సికింద్రాబాదు బస్సు కొంపల్లి దగ్గర ఆగిపోయినప్పుడల్లా ఈ ఆట నాకు బాగా పనికివస్తుంది.

సున్నాలూ ఇంటూలూ ఆటలో ఇద్దరూ జాగ్రత్తగా ఆడితే ఎవరూ గెలవరు గనక పిల్లలకు త్వరలోనే విసుగు పుడుతుంది. అప్పుడు 1 నుంచి 9 వరకు అంకెలు రాసి, వంతులవారీగా ఒక్కొక్కటి తీసుకోమనండి. ఒకరు తీసినది మరొకరు తీయరాదు. తన అంకెల్లో ఏ మూడైనా కలిపి ముందుగా 15 చేసినవారిది గెలుపు. ఎన్ని కూడికలు చేస్తున్నారో వాళ్ళకు తెలియనే తెలియదు. కొన్నాళ్ళు ఆడాక తొమ్మిది గళ్ళు గీసి, పై వరసలో 2, 7, 6, నడిమి వరసలో 9, 5, 1, కింది వరసలో 4, 3, 8 రాసి వాళ్ళ ముందు పెట్టండి. ఏమీ చెప్పవద్దు. శామీర్‌పేట కుర్రవాడికి నేనింకా ఆ కాగితం చూపలేదు. దసరా సెలవులకని దాచి ఉంచాను.