ఎదురుచూపుకూ మస్టర్ పడాలి

2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో జరిగిన మేజర్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్‌లో టెక్సాస్ రేంజర్స్ తరఫున ఒక కొత్త పిచర్ (బంతి విసిరేవాడు) బరిలోకి దిగాడు. నాలుగు ఇన్నింగ్స్ వేసి, ఒక్క పరుగే ఇచ్చి, ఏడుగురు బ్యాటర్లను మూడేసి స్ట్రైకులతో ఔట్ (స్ట్రైకౌట్) చేశాడు. వయసు 24. పేరు కుమార్ రాకర్. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు మోసిన ఆటగాడు, ఆ తర్వాత కోచ్. తల్లి లలిత పుట్టింటివారు పాట్లూరి వారు. ఆమె తల్లిదండ్రులు భారతదేశం నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డారు. ఆ ఇంటిపేరు ఎక్కడిదో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

సింగరేణి బొగ్గు గనుల మధ్య సెంటినరీ కాలనీలో ఉంటూ బేస్‌బాల్ మీద రాయడం ఎందుకని కొందరు అడగొచ్చు. ఆ ఆట నియమాలు మనలో చాలామందికి తెలియవు, నిజమే. కానీ సియాటిల్‌లో ఆ మొదటి బంతి వేయడానికి ముందు కుమార్ గడిపిన ఐదేళ్లు ఎలాంటివో సింగరేణి కార్మికుడి ఇంట్లో ఎవరికైనా ఇట్టే అర్థమవుతాయి.

మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. మ్యాచ్‌కు సిద్ధంగా ఉండే ఆటగాళ్లు జట్టుకు 26 మంది. వారిలో పిచర్లు 13 మందికి మించకూడదు. అందులో చోటు దొరకనివాళ్లు కింద మైనర్ లీగ్‌లలో ఆడుతుంటారు. వాటికి లో-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అని నాలుగు మెట్లు. పైనున్నవాడి భుజం పట్టేస్తేనో, ఫామ్ పోతేనో కిందివాడికి ఫోన్ వస్తుంది. నాలుగు రోజులు ఆడించి మళ్లీ కిందికి పంపినా పంపొచ్చు. మన గనుల మీద బదిలీ వర్కర్ పరిస్థితి అచ్చం ఇదే. షిఫ్టు టైముకు వచ్చి నిలబడతాడు. పర్మనెంటు కార్మికుడు నాగా పెడితేనే అతనికి మస్టర్, అంటే ఆ రోజు హాజరు. ఏడాదిలో భూగర్భంలోనైతే 190, ఉపరితలంలోనైతే 240 మస్టర్లు నిండితేనే జనరల్ మజ్దూర్‌గా రెగ్యులర్ అయ్యే లెక్క. పని వచ్చు, ఒంట్లో సత్తువ ఉంది, అయినా ఇవాళ పిలుస్తారో లేదో తెలియదు.

కుమార్ మామూలు ఆటగాడేం కాదు. 2019 జూన్ 8న వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ జట్టు మీద 131 బంతులు వేసి 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అవతలి జట్టుకు ఒక్క హిట్ కూడా దక్కనివ్వలేదు. ఆ ఏడాది కాలేజీ వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడూ అతనే. అతని ప్రధాన ఆయుధం స్లయిడర్. పిచర్‌కు ఫాస్ట్ బౌలర్‌లా పరుగెత్తి వచ్చే వీలు లేదు. 60 అడుగుల 6 అంగుళాల దూరంలో చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి, ఒక్క అడుగు ముందుకు వేసి, తుంటి నుంచి భుజానికి, భుజం నుంచి మోచేతికి బలాన్ని తిప్పి విసరాలి. కుట్టు మీద ఆనించిన వేళ్లు చివరి క్షణంలో బంతి పక్కను కోసినట్టు దిగుతాయి. నేరుగా వస్తున్నట్టే కనిపించిన బంతి బ్యాట్ దగ్గరికి రాగానే పక్కకు జారి కిందికి దిగిపోతుంది. చూడటానికి ఎంత అందంగా ఉంటుందో మోచేతిలోని సన్నటి లిగమెంటుకు అంత భారం.

2021 జులైలో కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ అతన్ని పదో స్థానంలో ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరిందని వార్తలు కూడా వచ్చాయి. ఆ తర్వాత వైద్య పరీక్షలు జరిగాయి. రిపోర్టులు చూసి మెట్స్ వెనకడుగు వేసింది. సంతకం కాకుండానే ఆగస్టు 1 గడువు దాటిపోయింది. చేతికొచ్చిన ఉద్యోగం మెడికల్‌లో ఆగిపోతే ఇంటిల్లిపాదికీ ఎలా ఉంటుందో చూసిన ఊరు మనది. కుమార్‌కు ఆ సెప్టెంబర్‌లో భుజం ఆపరేషన్ అయింది. మరుసటి ఏడాది ఏ మేజర్ లీగ్ క్లబ్బుతోనూ సంబంధం లేని ఫ్రాంటియర్ లీగ్‌లో, ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే చిన్న జట్టులో చేరాడు. ఐదు మ్యాచ్‌ల్లో 20 ఇన్నింగ్స్ వేసి 32 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2022 జులైలో టెక్సాస్ రేంజర్స్ ఈసారి మూడో స్థానంలోనే అతన్ని ఎంచుకుని 52 లక్షల డాలర్లు ఇచ్చింది. 2023లో హికరీలో హై-ఏ జట్టుకు ఆరు మ్యాచ్‌లు ఆడాడో లేదో మోచేతి లిగమెంటు దెబ్బతింది. మే నెలలో టామీ జాన్ సర్జరీ. ఒంట్లో మరోచోటి నుంచి టెండన్ తీసి మోచేతిలో అమర్చే ఈ ఆపరేషన్‌ను 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి టామీ జాన్ అనే పిచర్‌కే చేశాడు. కోలుకోవడానికి ఏడాదికి పైనే పడుతుంది. అదంతా దాటి, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ మెట్లెక్కి కుమార్ సియాటిల్ చేరాడు.

అంతటితో చోటు ఖాయమైపోలేదు. 2025 సీజన్‌ను మేజర్ లీగ్ జట్టులోనే మొదలుపెట్టాడు. భుజం నొప్పితో కొన్నాళ్లు ఆగాడు. మళ్లీ వచ్చాడు. నిలకడ లేక ఆగస్టులో మైనర్ లీగ్‌కు తిరిగి వెళ్లాడు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. కుమార్ ఇంతకాలం ఓపిక పట్టగలిగాడంటే, మోచెయ్యి కోయించుకుని ఏడాదికి పైగా నిశ్చింతగా కోలుకోగలిగాడంటే, వెనక 52 లక్షల డాలర్లున్నాయి. అదే జట్టులో, అదే డగౌట్‌లో పక్కన కూర్చునే మామూలు పిచర్‌కు ఆ బలం లేదు. 2022 వరకు ట్రిపుల్-ఏ ఆటగాడికి కనీస వేతనం ఏడాదికి 17,500 డాలర్లు. లో-ఏ, హై-ఏ వాళ్లకు 11,000. అమెరికా ధరల్లో ఆ డబ్బు ఇంటి అద్దెకే చాలదు. సీజన్‌కు ముందు జరిగే శిక్షణ శిబిరానికి జీతమే ఉండేది కాదు. ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకుంటూ, సీజన్ అయిపోగానే దొరికిన కూలి పని చేసుకుంటూ బతికేవాళ్లు. ఆట మీద ప్రేమ ఉన్నవాడు ఎలాగైనా నెట్టుకొస్తాడన్నది యజమానుల ధీమా. 2018లో వాళ్లు అమెరికన్ కాంగ్రెస్ చేత ఒక చట్టమే చేయించుకుని, మైనర్ లీగ్ ఆటగాళ్లకు ఓవర్‌టైమ్ హక్కు లేకుండా చేశారు.

ఆ పరిస్థితి మారింది. ఎవరో దయతలిచి మార్చలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ మైనర్ జట్లలో ఆరేళ్లు బంతులు వేసి, పైమెట్టు ఎక్కలేకపోయిన గారెట్ బ్రోషుయిస్ అనే పిచర్ తర్వాత లా చదివాడు. 2014లో తన తోటివాళ్ల తరఫున కోర్టుకెక్కాడు. ఎనిమిదేళ్ల తర్వాత, 2022లో, మేజర్ లీగ్ 18 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీకొచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మైనర్ లీగ్ ఆటగాళ్లలో సగానికి పైగా యూనియన్ కార్డుల మీద సంతకాలు చేయడంతో వాళ్లంతా మేజర్ లీగ్ ఆటగాళ్ల సంఘంలోకి వచ్చారు. 2023 మార్చిలో మొదటి వేతన ఒప్పందం కుదిరింది. దాని కిందికి వచ్చినవాళ్లు 5,500 మందికి పైనే. ట్రిపుల్-ఏ కనీస వేతనం 35,800 డాలర్లయింది, లో-ఏది 26,200. శిక్షణ శిబిరానికీ జీతం వచ్చింది. ఈ ఆటగాళ్ల సంఘాన్ని 1966 నుంచి నడిపి నిలబెట్టిన మార్విన్ మిల్లర్ అంతకుముందు ఉక్కు కార్మికుల యూనియన్‌లో ఆర్థిక నిపుణుడు. ఫర్నేసు కార్మికుల కోసం నేర్చిన బేరసారాల విద్యను ఆయన ఆటగాళ్ల కోసం వాడాడు. ఎర్రజెండాలూ సమ్మెలూ వేజ్‌బోర్డు చర్చలూ చూస్తూ పెరిగిన మన కోల్‌బెల్ట్‌కు ఈ కథ కొత్త కాదు. ఆట కూడా పనేనని ఒప్పుకోవడమే మనకు కొత్త.

మన దగ్గర ఆ పిచర్ స్థానంలో ఉన్నవాడు ఫాస్ట్ బౌలర్. రాణి రుద్రమదేవి స్టేడియానికి సాయంత్రం పూట వెళ్తే వాళ్లు కనిపిస్తారు. ఆ మధ్య అక్కడ ఒక అబ్బాయి బౌలింగ్ చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. పందొమ్మిదేళ్లుంటాయి. ఎడమ బూటు ముందు భాగం చిరిగితే లోపల సైకిల్ ట్యూబు ముక్క పెట్టి కుట్టించుకున్నాడు. ప్రతి బంతికీ భారమంతా పడేది ఆ కాలి మీదే. బంతి ఒకవైపు నునుపు పోకుండా ప్యాంటుకు రుద్దుకుంటూ వచ్చి, లెంగ్త్ మార్చకుండా ఆరుకు ఆరూ ఒకేచోట వేశాడు. సెలక్షన్స్‌కు వెళ్లావా అని అడిగాను.

"పోయిన సార్. రెండు ఓవర్లు ఏపిచ్చిండ్రు. పేరు రాస్కున్నరు. మళ్ల ఫోన్ రాలే."

"మరి ఈసారి?"

"మా బాపు మట్టి తీసే ఓబీ కాంట్రాక్టు కంపెనీల ఓల్వో లారీ నడుపుతడు సార్. హైదరాబాద్‌ల ఉండి ఆడాల్నంటే రూము కిరాయి, తిండి ఎవరిస్తరు? ఈ ఒక్క ఏడాది చూస్తనని చెప్పిన."

అతని మాటల్లో కోపం లేదు. నాకే వచ్చింది. ఒక మనిషి ఏళ్ల తరబడి పడ్డ శ్రమ రెండు ఓవర్లలో తేల్చేసేది కాదు.

ఇలాంటి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ మహ్మద్ సిరాజ్ పేరు వినిపిస్తుంది. ఆటో నడిపే తండ్రి కొడుకు. 2015 నవంబర్‌లో మొదటి రంజీ మ్యాచ్ ఆడాడు. మరుసటి సీజన్‌లో 41 వికెట్లు తీశాడు. 2017 ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు పలికాడు. గర్వపడాల్సిన కథే, కాదనను. అయితే సిరాజ్ ఇల్లు హైదరాబాద్‌లోనే ఉంది. లీగ్ జట్లు, మంచి పిచ్‌లు, సెలెక్టర్లు అంతా ఆ నగరంలోనే. సెంటినరీ కాలనీ నుంచి ఉప్పల్‌కు రెండు వందల కిలోమీటర్లకు పైనే. ఆ దారిలో డబ్బులిచ్చే మధ్య మెట్టు ఒక్కటీ లేదు. ఇటు టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు, జిల్లా జట్టు, అటు నేరుగా హైదరాబాద్ జట్టు. పైన డబ్బు లేదా అంటే ఉంది. 2021లో బీసీసీఐ ప్రకటించిన లెక్క ప్రకారం కొత్తగా రంజీ ఆడేవాడికి కూడా రోజుకు 40 వేల రూపాయల మ్యాచ్ ఫీజు. రిజర్వులో కూర్చుంటే అందులో సగం. కానీ ప్రాబబుల్స్ (ముందస్తు జాబితా) దాకా వచ్చి ఆగిపోయినవాడికి మ్యాచ్ ఫీజే లేదు. ఈ మెట్లు కట్టాల్సిన హైదరాబాద్ క్రికెట్ సంఘం వ్యవహారాలను చక్కదిద్దడానికి 2023లో సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుతో ఏకసభ్య కమిటీనే వేయాల్సి వచ్చింది. పెద్దల తగాదాల్లో జిల్లా పిల్లల వయసు కరిగిపోతోంది.

ఆటకు భవిష్యత్తు లేదు, చదువుకోమనండి, అగ్నివీర్‌కో గ్రూప్స్‌కో తయారవమనండి అనేవాళ్లున్నారు. వాళ్ల భయం నాకు తెలుసు. 1990ల మొదట్లో లక్షమందికి పైగా కార్మికులున్న సింగరేణిలో ఇప్పుడు సుమారు నలభై వేల మందే మిగిలారు. తండ్రి నౌకరీ కొడుక్కి వస్తుందన్న భరోసా కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో అసలే లేదు. అందుకే నేను ప్రతి పిల్లాడినీ బంతి పట్టుకోమనడం లేదు. పట్టుకున్నవాడికి ఒక గడువు, ఒక జవాబు, ఆ గడువు దాకా తిండి ఇవ్వమంటున్నాను. అవి లేకపోతే మనం ఎంపిక చేస్తున్నది గొప్ప బౌలర్‌ను కాదు, ఇంట్లోవాళ్లు ఎక్కువకాలం పోషించగలిగిన బౌలర్‌ను. ఆ తేడా మన జట్ల స్కోరుబోర్డు మీదా కనిపిస్తుంది.

అడిగేవి నాలుగే. ఒకటి, జిల్లా జట్టుకు ఎంపికైన ప్రతి ఆటగాడికీ సీజన్ పొడవునా నెలనెలా భృతి, హైదరాబాద్‌లో ఆడే రోజుల్లో వసతి. రెండు, కోల్‌బెల్ట్‌లో కనీసం ఒక్కచోట ఏడాది పొడవునా తోలు బంతితో ఆడే టర్ఫ్ నెట్లు, జీతమిచ్చి పెట్టిన బౌలింగ్ కోచ్. మూడు, వైద్యం. కుర్ర ఫాస్ట్ బౌలర్లకు నడుం ఎముకలో సన్నటి చీలిక రావడం సాధారణం. స్కాన్ తీయించక, నొప్పి మాత్రలు మింగుతూ బౌలింగ్ చేసి జీవితాంతం అవస్థ పడేవాళ్లున్నారు. సింగరేణి ఏరియా ఆసుపత్రుల తలుపులు ఈ పిల్లలకు తెరవాలి, వాళ్ల తండ్రి పర్మనెంటా కాంట్రాక్టా అని చూడకుండా. నాలుగు, సెలక్షన్‌కు వచ్చిన ప్రతివాడికీ రాతపూర్వకంగా ఫలితం: తీసుకున్నామో లేదో, ఎక్కడ మెరుగుపడాలో. దీనికి ఖర్చు కూడా లేదు.

సింగరేణికి స్టేడియాలున్నాయి, ఆసుపత్రులున్నాయి, ఉద్యోగుల కోసం వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఉంది. క్రికెట్ సంఘానికి బీసీసీఐ నిధులున్నాయి. కలిసి కూర్చుంటే ఈ నాలుగూ ఒక సీజన్‌లో అయ్యే పనులు. కూర్చోబెట్టాల్సిన బాధ్యత మన యూనియన్ నాయకులు తీసుకోవాలి. బదిలీ వర్కర్‌ను రెగ్యులర్ చేయాలని గేటు మీటింగుల్లో గొంతెత్తినవాళ్లు, అదే కార్మికుడి కొడుకు గ్రౌండులో బదిలీగా మిగిలిపోతుంటే ఊరుకోకూడదు. ఈసారి గుర్తింపు సంఘం ఎన్నికలకు మీ గేటు దగ్గరికి ఎవరు వచ్చినా డిమాండ్ల పత్రంలో ఈ నాలుగూ ఉన్నాయా అని అడగండి. లేవంటే రాయించిన తర్వాతే మిగతా మాట.